గడువు దాటిన రామచిలుక

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు, అక్కడివాళ్ళు అలా చెప్పుకుంటారు గనక మనమూ అలాగే అనుకుందాం, ఒక శాఖా గ్రంథాలయం ఉండేది.

ఆ అడవిలో కాగితం తెలియదు, కలం తెలియదు. పుస్తకాలంటే పక్షులే. ఒక్కో పక్షికి ఒక్కో గ్రంథం నోటికి వచ్చు. చిలుకలు శాస్త్రాలు చెప్పేవి, గోరింకలు నవలలు చెప్పేవి. పిచ్చుకలది బాలల విభాగం. అవి ఏ కథా పూర్తిగా చెప్పవు, మధ్యలో గింజ కనబడితే అటు పోతాయి. పిల్లలకీ అదే ఇష్టం. కావలసినవాళ్ళు వచ్చి, పుస్తకాన్ని వీపుమీదో కొమ్ముమీదో కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి, ఒక పక్షం పాటు చెప్పించుకుని, మళ్ళీ తెచ్చి దాని కొమ్మమీద దాన్ని కూర్చోబెట్టాలి.

మరి ఎగిరిపోవా అని అడుగుతారు మీరు. నాకు తెలుసు, ఇలాంటివి అడగడానికి ఎప్పుడూ ఒకరుంటారు. మీ ఊరి గ్రంథాలయంలో పుస్తకం తనంతట తాను లేచి వెళ్ళిపోవడం ఎక్కడైనా చూశారా? ఇవీ అంతే. కాలిమీద ఎర్రమట్టి ముద్ర పడనిదే కొమ్మ దిగవు. పుస్తకం అన్నాక ఆ మాత్రం క్రమశిక్షణ ఉంటుంది.

ఆ ముద్ర వేసేది ముళ్ళపంది మునెమ్మ. గ్రంథాలయానికి అధికారీ ఆమే, అటెండరూ ఆమే, పొద్దున్నే రెట్టలూడ్చేదీ ఆమే. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నోరు విప్పి కసురుకోదు, ఒంటిమీది ముళ్ళు ఒక్కసారి గలగలలాడిస్తుంది. పులి కూడా దగ్గు ఆపుకునేది. ఇక గడువు దాటిన పుస్తకం కోసం ఆమె ఇంటికి వస్తోందంటే ఆ ఇంటివాళ్ళు వెనకదారి పట్టేవాళ్ళు. ఒకసారి ఒక కొండముచ్చు భక్తిగ్రంథం చెప్పే గోరింకను గడువు దాటి ఉంచుకోవడమే కాక, దానికి నాలుగు బూతులు నేర్పి తెచ్చింది. ఇప్పటికీ ఆ గోరింక తపస్సు ఘట్టం చెబుతుంటే మధ్యలో అవి దొర్లుతాయి. కొండముచ్చు వీపున ముళ్ళు కూడా ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

వార్తాపత్రిక కాకి. రోజూ పొద్దున్నే వచ్చి చదువుకునే గదిలో బండమీద వాలేది. అది వాలకముందే అడవిదున్న పోతులూరయ్య వచ్చి దాని ఎదురుగా కూలబడి ఉండేవాడు. మందకు ముందు నడిచే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇంట్లో పని లేదు, ఒంట్లో ఓపిక ఉంది. మొదటి కావు నుంచి చివరి కావు దాకా అన్నీ చెప్పించుకునేవాడు: ఎవరు పోయారు, ఎవరు ఈనారు, ఎవరి దూడ తప్పిపోయింది, ఏ పుట్ట ఎవరికి వేలంలో వచ్చింది. పందేల సంగతి వినిపోదామని వచ్చిన కుందేళ్ళు తలుపు దగ్గర పడిగాపులు పడేవి. పెద్దాయనా, కాకిని కాస్త ఇటు ఇవ్వమంటే తల తిప్పకుండా ఒకటే మాట: "ఇంకా అయిపోలేదు."

అన్నేళ్ళుగా గ్రంథాలయానికి వస్తున్నాడు గానీ పోతులూరయ్య సభ్యత్వం తీసుకోలేదు, ఒక్క పుస్తకమూ ఇంటికి పట్టుకెళ్ళలేదు. తీసుకుంటే తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే మునెమ్మ వస్తుంది, ఆ గొడవ నాకెందుకు అనేవాడు. అంత పెద్ద దున్న, నిజంగానే భయపడేవాడు.

పై కొమ్మన ఒక ముసలి రామచిలుక ఉండేది. పేరు చెలమల శాస్త్రం. వాగు ఎండిపోయినప్పుడు ఇసుకలో ఎక్కడ గుంట తవ్వితే నీళ్ళూరతాయో చెప్పే పుస్తకం. విషయం మంచిదే, కానీ ముందుమాటలు మెండు. ఒక పెద్దపులి ఆశీస్సులు, ఒక గుడ్లగూబ అభిప్రాయం, ఆ అభిప్రాయంతో ఏకీభవించలేకపోయిన మరో గుడ్లగూబ అభిప్రాయం, గింజలిచ్చి సాయపడిన ఉడతకు కృతజ్ఞతలు, ఆ తర్వాత అంకితం, ఆ తర్వాత విన్నపం. మధ్యలో ఎవరైనా నోరు తెరిచారో, చిలుక నొచ్చుకుని మళ్ళీ పెద్దపులి ఆశీస్సుల దగ్గర మొదలెట్టేది. వానలు బాగా పడుతున్న రోజులాయె, దాన్ని అడిగిన నాథుడు లేడు.

మునెమ్మకు మాత్రం ఆ చిలుకంటే ప్రాణం. ఆమె తల్లి కడుపులో ఉన్నప్పుడు అడవిలో కరువొచ్చింది. వాళ్ళమ్మ ఈ చిలుకను ఇంటికి తెచ్చుకుని, ఎండిన నాలుకతో ముందుమాటలన్నీ ఓపిగ్గా విని, ఆఖరికి చెలమ తవ్వి నీళ్ళు తాగి బిడ్డను బతికించుకుంది. ఆ సంగతి మునెమ్మ ఎవరికీ చెప్పలేదు. రోజూ దుమ్ము దులిపేటప్పుడు ఆ కొమ్మ దగ్గర కాసేపు ఎక్కువ నిలబడేది, అంతే.

ఇలా సాగిపోతున్న గ్రంథాలయానికి ఆ ఏడు కొత్త అధ్యక్షుడు వచ్చాడు. ఎలుగుబంటి జాంబయ్య. వనసభ ఎన్నికల్లో ఓడిపోయాడు. ఓడిపోయిన పెద్దమనిషికి ఏదో ఒక కుర్చీ చూపించకపోతే చెట్లు విరగ్గొడతాడు గనక, ఎవరూ అడగని కుర్చీ ఏదని వెతికితే గ్రంథాలయం తేలింది. మొదటిరోజు ఊరేగింపుగా వచ్చి, కొమ్మలన్నీ తేరిపార చూసి, తేనెపట్టు ఏ కొమ్మన ఉందని అడిగాడు. తేనెపట్టు లేదు, పుస్తకాలే ఉన్నాయని మునెమ్మ చెప్పింది. ఇవన్నీ నువ్వు విన్నావా అని అడిగాడు. చాలావరకు విన్నానంది.

"విన్నవాటిని ఇంకా ఎందుకుంచావు?" అన్నాడు జాంబయ్య.

మునెమ్మ ముప్పై రకాలుగా జవాబు చెప్పగలిగేది. చీపురు తీసుకుని రెట్టలూడ్చడానికి వెళ్ళింది. చెప్పినా వినే మొహం కాదది.

జాంబయ్య వెంట ఒక సలహాదారు కూడా వచ్చాడు. ఉడుము ఓబులప్ప. ఏ అధ్యక్షుడొచ్చినా అతనే సలహాదారు, ఆ పట్టు అలాంటిది. గ్రంథాలయమంతా కలియతిరిగి పెదవి విరిచాడు. పుస్తకాలు తిండి తింటున్నాయి, రెట్టలేస్తున్నాయి, పైగా అడిగినదానికి జవాబు చెప్పడానికి రోజులు తీసుకుంటున్నాయి. లోకం ఎక్కడికో పోయింది, మనం ఇక్కడే ఉన్నాం అని నిట్టూర్చాడు. తర్వాత అందరినీ వెంటబెట్టుకుని కొండవాలున ఉన్న ఒక గుహ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఇదే రేపటి గ్రంథాలయం అన్నాడు.

ప్రారంభోత్సవానికి అడవంతా వచ్చింది. జాంబయ్య గుహలోకి తల పెట్టి, ఓబులప్ప నేర్పిన మాట గట్టిగా అన్నాడు: "మన జాంబయ్యగారు గొప్పవారు."

లోపల్నుంచి జవాబొచ్చింది. గొప్పవారు… గొప్పవారు… గొప్పవారు…

జాంబయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఓట్లేసినవాళ్ళు కూడా అనని మాట, మొహం కూడా చూడని గుహ అన్నదే అని గద్గదంగా అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు.

మొదట్లో కొన్ని ఇబ్బందులు రాకపోలేదు. అడవిపంది వెళ్ళి తుంగదుంపలు ఎక్కడున్నాయని అడిగితే, ఉన్నాయి ఉన్నాయి ఉన్నాయి అని చెప్పి ఊరుకుంది. ఓబులప్ప వచ్చి వాడే పద్ధతి నేర్పాడు. గుహను ప్రశ్న అడగకూడదు. జవాబు కూడా మీరే చెప్పాలి. గుహ దాన్ని ధ్రువీకరిస్తుంది. అంతే, అందరికీ అర్థమైంది. పొలిమేర తగవు ఏళ్ళ తరబడి తేలని రెండు నక్కల్లో ఒకటి పొద్దున వెళ్ళి ఆ గట్టు నాదే అన్నది, గుహ నాదే అన్నది. రెండోది సాయంత్రం వెళ్ళి అదే మాట అన్నది, దానికీ నాదే అన్నది. ఇద్దరూ తీర్పు గెలిచినట్టు ఊరంతా చాటుకున్నారు. ఇంత చక్కటి న్యాయం ఎన్నడూ ఎరగమన్నారు. కప్పలు గుంపుగా వెళ్ళి మేమే అందగాళ్ళమని చెప్పించుకొచ్చాయి.

గుహ ఒక్కో మాట మూడుసార్లు పలుకుతుంది గనక, ఓబులప్ప ఒక్కోదాన్ని మూడు సేవలుగా లెక్కకట్టాడు. గ్రంథాలయ సేవలు మూడింతలయ్యాయని జాంబయ్య సభలో చెప్పాడు. కాకిని మానిపించారు. వార్తలూ గుహే చెబుతుంది, ఏం వార్త కావాలో మనం చెబితే చాలన్నారు. పోతులూరయ్య పొద్దున్నే వచ్చి ఖాళీ బండ ఎదుట కూర్చుని, మధ్యాహ్నం దాకా దాన్నే చూసి ఇంటికి పోయేవాడు. కుందేళ్ళు కూడా జాలిపడ్డాయి.

ఇక గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. దండలు కట్టారు, ఉపన్యాసాలిచ్చారు. చివర్న ఓబులప్ప లేచి కొత్త నిబంధన వినిపించాడు. ఏడాదిలో ఒక్కరైనా ఇంటికి తీసుకెళ్ళని పుస్తకం పనికిరాని పుస్తకం. పనికిరానివాటిని పాతపుస్తకాల వ్యాపారికి అప్పగించాలి.

ఆ వ్యాపారి జంగుపిల్లి.

మహా మర్యాదస్తుడు. ముందు వరసలో కూర్చుని, మూతి తుడుచుకుంటూ, చిన్నప్పట్నుంచీ తనకు పుస్తకాలంటే చెప్పలేనంత ఇష్టమని పక్కవాళ్ళతో అంటున్నాడు. అదొక్కటే ఆ సభలో పచ్చినిజం. ఆ రోజే కింది కొమ్మలు చూసుకున్నాడు. వ్యాకరణం చెప్పే కంజుపిట్ట, వైద్యం చెప్పే పావురం, వంశావళి చెప్పే పూరేడుపిట్ట. మునెమ్మ ముద్ర వేయగానే, పుస్తకాలు గనక మారుమాట్లాడకుండా దిగి వెళ్ళాయి. పై కొమ్మలకు రేపు వస్తానని, ఇవాళ్టికి ఇది చాలని పొట్ట నిమురుకుంటూ వెళ్ళాడు.

అన్నేళ్ళూ పుస్తకం తెచ్చివ్వమని ఇంటింటికీ తిరిగిన మునెమ్మ, ఆ మధ్యాహ్నం పుస్తకం తీసుకెళ్ళమని ఇంటింటికీ తిరిగింది. చెలమల శాస్త్రం ఒక్క రోజుకు తీసుకెళ్ళండి, వినకపోయినా ఫరవాలేదు, గూట్లో కూర్చోబెట్టి తెచ్చిస్తే చాలని బతిమాలింది. దుప్పులు వాగు నిండా నీళ్ళుంటే చెలమలెందుకన్నాయి. కోతులు ఆ ముందుమాటలు మావల్ల కాదన్నాయి. కొండముచ్చు ఆమెను చూడగానే చెట్టెక్కింది. చివరికి పోతులూరయ్య దగ్గరకు వెళ్ళింది. ఆయన తల దించుకుని, ఈ వయసులో నన్ను బాకీదారుణ్ణి చెయ్యకమ్మా అన్నాడు. తానే తీసుకుందామంటే సిబ్బందికి పుస్తకం ఇవ్వరాదని నిబంధన. ఆ నిబంధన పెట్టించింది కూడా ఆమే, చిన్నతనపు నిజాయితీలో.

వెనక్కి వస్తుంటే ఆమెకు ఒక ఆలోచన తట్టింది. గుహ కూడా గ్రంథాలయానికి అనుబంధ శాఖేనని జాంబయ్యే సభలో అన్నాడు. ఒక శాఖ పుస్తకం ఇంకో శాఖకు పంపడం ఎక్కడా తప్పు కాదు. పొద్దు గూకేలోపు రామచిలుక రెండో కాలికి బదిలీ ముద్ర వేసి, వీపున ముళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని వెళ్ళి, గుహలో లోపలి గూట్లో దాన్ని దాచింది. చిలుకకు కోపమొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత చీకట్లోకా అంది. మాట్లాడకు తల్లీ, నీ విషయం ఎవరైనా అడిగేదాకా నోరు విప్పకు అని మునెమ్మ చెప్పింది. అడగనిదే చెప్పడం పుస్తకానికి అలవాటు లేదులే అని చిలుక ఈకలు సర్దుకుంది.

మర్నాడు జంగుపిల్లి పై కొమ్మలు ఖాళీ చేశాడు; ఇంకా అడిగేవాళ్ళున్న గోరింకలూ పిచ్చుకలే మిగిలాయి. మునెమ్మ ఒక్కదాన్నే దాచగలిగింది. మిగతావాటిని దిగి వెళ్ళమని చెప్పింది కూడా ఆమే. ఆ సంగతి ఆమెకు ముల్లులా లోపలికి గుచ్చుకుంది, ఆమె ముళ్ళన్నీ బయటికే ఉన్నా. రోజూ గుహ ఊడ్చే వంకతో వెళ్ళి చిలుకకు జామకాయ పెట్టి వచ్చేది.

ఆ ఏడు ఎండాకాలం మామూలుగా రాలేదు. వాగు మొదట సన్నబడింది, తర్వాత మడుగులైంది, తర్వాత మడుగులూ పోయి ఇసుక మిగిలింది. దుప్పి పిల్లలు నడవలేక నీడల్లో పడి ఉండేవి. అడవంతా కదిలి గుహకు వెళ్ళింది. ముందు జాంబయ్య, వెనక ఓబులప్ప, వాళ్ళ వెనక నాలుకలు వేలాడేసుకుని జనం. పద్ధతి తెలిసిందే గనక జాంబయ్య ప్రశ్న అడగలేదు. గుహలో తల పెట్టి, మన వాగు నిండా నీళ్ళున్నాయి అన్నాడు.

గుహ ఉన్నాయి ఉన్నాయి అనడం పూర్తికాలేదు. నీళ్ళన్న మాట చెవినపడి లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది.

"చెలమల శాస్త్రం," అంది గుహ. "మొదట పెద్దపులిగారి ఆశీస్సులు."

జనం మొహాలు చూసుకున్నారు. జాంబయ్య ఇంకాస్త గట్టిగా, నీళ్ళున్నాయి అన్నాడు. గుహ ఇంకాస్త గట్టిగా, మొదట పెద్దపులిగారి ఆశీస్సులు అంది. అడవిపంది తోసుకొచ్చి అరిచింది. కోతులు అరిచాయి. నక్కలు రెండూ మొదటిసారి ఒక్క గొంతుతో అరిచాయి. ఎవరు అడ్డం మాట్లాడినా చిలుక మళ్ళీ మొదటికే వెళ్ళేది. మధ్యాహ్నం దాకా ఆ జనం పెద్దపులి ఆశీస్సులు దాటి గుడ్లగూబ అభిప్రాయం దాకా కూడా రాలేదు. ఇంతమంది ఒక మాటంటే గుహ ఇంకో మాట చెప్పడమేమిటని అందరికీ ఒళ్ళు మండింది. ఓబులప్ప గుహ గోడలు తట్టి చూసి, గుహ చెడిపోయిందని తేల్చాడు. బాగుచేయించేదాకా ఎవరూ దాన్ని నమ్మకూడదని జాంబయ్య ప్రకటించాడు. అంతా తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

పోతులూరయ్య వెళ్ళలేదు. కాకి పోయినప్పట్నుంచీ ఆయన చెవులు ఆకలితో ఉన్నాయి. ఎవరో ఏదో మొదటినుంచీ చెబుతున్నారు, మధ్యలో వదిలి వెళ్ళడం ఆయన వల్ల కాదు. గుహ ముందు కూలబడి చెప్పమన్నాడు. పెద్దపులి ఆశీస్సులు విన్నాడు. మొదటి గుడ్లగూబ బాగా చెప్పిందనుకున్నాడు, రెండోది చెప్పిందీ నిజమే అనుకున్నాడు. ఉడతకు కృతజ్ఞతల దగ్గర తల ఊపాడు. అంకితం విన్నాడు, విన్నపం విన్నాడు. నాలుక పిడచగట్టుకుపోయింది. అయినా ఒక్కమాట అడ్డం రాలేదు. పొద్దు వాలుతుండగా చిలుక అసలు విషయంలోకి వచ్చింది.

"వాగు వంపు తిరిగేచోట లోపలి ఒడ్డు చూసుకో. నేరేడు వేళ్ళు ఇసుకలోకి దిగిన దిక్కున తవ్వు. పైన పొడిగా ఉందని మానుకోకు. చల్లగా తగలగానే ఆగిపోకు. ఇంకాస్త తవ్వు."

పోతులూరయ్య లేచాడు. వాగు వంపు దగ్గరకు వెళ్ళి గిట్టలతో తవ్వాడు, కొమ్ములతో తవ్వాడు. చల్లగా తగిలింది. ఆగలేదు. ఇంకాస్త తవ్వాడు. ఇసుక నల్లబడింది, తడిసింది, నీళ్ళూరాయి. గుంట నిండుతుంటే ఆయన మూతి పెట్టకుండా ముందు రంకె వేశాడు. దుప్పి పిల్లల్ని తల్లులు మూతులతో నెట్టుకుంటూ తెచ్చాయి. జనమంతా వచ్చి తాగారు. జాంబయ్య స్నానం కూడా చేశాడు.

గుంట చుట్టూ ఇంకొన్ని గుంటలు తవ్వుకున్నాక, మర్నాడు అలవాటు ప్రకారం సభ పెట్టారు. జాంబయ్య పట్టుదల వల్లే నీళ్ళొచ్చాయని తీర్మానం చేశారు. రెండో అంశం చెడిపోయిన గుహ. నీళ్ళు తాగి కాస్త ఓపిక రాగానే జనానికి మొదట గుర్తొచ్చింది అదే. మా మాట మాకు చెప్పడానికి దానికేం రోగమని అడిగారు.

అప్పుడు మునెమ్మ లేచింది. ఇప్పుడైనా చెబితే అర్థమవుతుందనుకుంది. గుహకేం కాలేదు, లోపల చెలమల శాస్త్రం ఉంది, పోతులూరయ్యకు నీళ్ళ జాడ చెప్పింది అదే, మీ పిల్లలు బతికింది ఆ పుస్తకం వల్లే అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఎన్నాళ్ళ సంగతో, ఇవాళ అందరి ముందూ దాని గొప్పతనం చెప్పగలిగానని లోపల్లోపల సంతోషించింది కూడా. పిచ్చిది.

జనం జాంబయ్య వైపు చూశారు, జాంబయ్య ఓబులప్ప వైపు చూశాడు. తర్వాత ఓబులప్ప అన్నాడు: "అంటే, గుహలో చెత్త ఇరుక్కుందన్నమాట."

ఓ, అదా సంగతి అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రోగం తెలిశాక మందు తేలికే. ఓబులప్ప గుహలోకి పాకి వెళ్ళి, తన పట్టు ఎలాంటిదో మరోసారి చూపించి, రామచిలుకను బయటికి తీసుకొచ్చాడు. జాంబయ్య గుహలో తల పెట్టి, జాంబయ్యగారు గొప్పవారు అన్నాడు. గొప్పవారు, గొప్పవారు, గొప్పవారు. జనం ఆనందానికి అంతులేదు.

వెనక వరసలోంచి జంగుపిల్లి మర్యాదగా లేచాడు. ఎవరైనా ఇంటికి తీసుకెళ్తారేమో చూడటానికి ఈ పూట గడువిస్తున్నాననీ, పొద్దుగూకేదాకా ఆగుతాననీ, తనకేం తొందర లేదనీ అన్నాడు. చిలుకను బండమీద పెట్టారు. దాని ఎదుట పిల్లి తోక చుట్టుకుని కూర్చున్నాడు. మునెమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి గానీ, నిబంధన అటువైపు ఉంది. ఆమె జీవితమంతా నిబంధనల వైపు నిలబడ్డ మనిషి. జాంబయ్య జనాన్ని చూసి, ఈ పుస్తకం ఎవరికైనా కావాలా అని అడిగాడు. నీళ్ళతో నిండిన పొట్టలు పట్టుకుని జనం దిక్కులు చూశారు.

"నాకు సభ్యత్వం కావాలి," అన్నాడు పోతులూరయ్య.

అందరూ తిరిగి చూశారు. ఆయన గుంపును చీల్చుకుంటూ వచ్చి బండ దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళ తర్వాత ఇదేం బుద్ధి అని జాంబయ్య నవ్వాడు. నీళ్ళు దొరికాయి గదా, ఇంకా దీనితో పనేముందన్నాడు.

"చివర అనుబంధం ఉందట. అది వినలేదు."

మునెమ్మ ఎర్రమట్టి తెచ్చింది. తొందరలో ముద్ర కాస్త పక్కకు పడింది. చిలుక కాలు చూసుకుని, వంకరగా వేశావు అంది. పోతులూరయ్య కొమ్ము వంచాడు. చిలుక ఎక్కి కూర్చుంది. పక్షం రోజుల్లో తిరిగి ఇవ్వాలి అని మునెమ్మ అలవాటుగా అంది, అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, అలాగేనమ్మా అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జంగుపిల్లి ఇంకో పక్షం ఆగుతానని జాంబయ్యకు చెప్పి లేచాడు.

ఆ తర్వాత సంగతులు పెద్దగా చెప్పేదేం లేదు. మిగిలిన గోరింకలూ పిచ్చుకలూ వినేవాళ్ళు లేక ఏడాది తిరిగేసరికి జంగుపిల్లి పాలయ్యాయి. ఆ బూతుల గోరింక కూడా. ఆ కొమ్మల కింద జాంబయ్య తేనె నిల్వచేసుకుంటున్నాడు. గ్రంథాలయం బోర్డు అలాగే ఉంది, నిశ్శబ్దం పాటించాలన్న నిబంధనా అలాగే ఉంది, పాటించడం ఇప్పుడు చాలా సులువు. అడవిలోకెల్లా ఉత్తమ శాఖగా దానికి బహుమతి కూడా వచ్చింది. మునెమ్మ ఉద్యోగం మాత్రం పోలేదు. రావలసిన పుస్తకం ఒకటి బయట ఉండగా గ్రంథాలయ అధికారిని తీసెయ్యకూడదని నిబంధన.

పక్షానికొకసారి ఆమె ముళ్ళు నిక్కబొడుచుకుని, అడవంతా చూసేలా, పోతులూరయ్య ఇంటికి వెళుతుంది. వెనకాల కొంచెం దూరంలో జంగుపిల్లి నక్కి వస్తాడు. ఆ ఇంటి ముందు దుప్పి పిల్లలూ కుందేలు పిల్లలూ గుంపుగా కూర్చుని ఉంటాయి. చిలుక రెండో గుడ్లగూబ అభిప్రాయంలో ఉంటుంది. ఎవరూ అడ్డం మాట్లాడరు, మాట్లాడనివ్వడు ఆయన.

"పెద్దయ్యా, గడువు దాటింది," అంటుంది మునెమ్మ, పిల్లికి వినబడేంత గట్టిగా.

పోతులూరయ్య తల తిప్పడు.

"ఇంకా అయిపోలేదు."

సరే, ఇంకో పక్షం చూస్తాను అని కోపంగా అని, మునెమ్మ కూడా పిల్లల వెనక చోటు చూసుకుని కూర్చుంటుంది.

కాబట్టి పిల్లలూ, మీ ఊరి గ్రంథాలయం నిలబడాలని మీకు మనసులో ఉంటే, అక్కణ్ణుంచి తెచ్చుకున్న మంచి పుస్తకాన్ని చచ్చినా తిరిగి ఇవ్వకండి.